స్పానిష్ స్టిల్ లైఫ్: లేబుల్ మీద ఒక్కో మాట వెనక ఏముంది?

2025 అక్టోబరులో స్పెయిన్ పత్రికల్లో ఒక చిన్న బొమ్మ గురించే చర్చ. పికాసో 1919లో వేసిన గిటార్ స్టిల్ లైఫ్ అది. కొలతలు 12.7 × 9.8 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు పోస్టుకార్డంత. మాడ్రిడ్ నుంచి గ్రనడాలో జరిగే ప్రదర్శనకు మిగతా చిత్రాలతో పాటు వెళ్లాల్సింది. అక్కడ పెట్టెలు విప్పి చూస్తే ఇది లేదు. బీమా విలువ 6 లక్షల యూరోలు. దొంగతనమే జరిగిందనుకుని పోలీసులు గాలింపు మొదలుపెట్టారు. చివరికి ఆ ప్యాకెట్ అసలు లారీ ఎక్కనే లేదని, మాడ్రిడ్‌లోనే ఉండిపోయిందని తేలింది.

ఇంకోవైపు ఆన్‌లైన్ వేలాల్లో, పాత సామాన్లు అమ్మే సైట్లలో ‘స్టిల్ లైఫ్, ఆయిల్ ఆన్ కాన్వాస్, స్పానిష్ చిత్రకారుడు, ఫ్రేమ్‌తో సహా’ అన్న లైన్ కింద వంద యూరోల లోపు దొరికే బొమ్మలు కుప్పలు. వాటిలోనూ అవే పండ్లు, అవే కూజాలు, అదే నల్లటి నేపథ్యం. చాలావాటిని చూస్తే గీత బాగానే ఉంటుంది, రంగు బాగానే ఉంటుంది. మరి ఒకటి వంద లోపు, ఇంకొకటి లక్షల్లో ఎందుకు?

బొమ్మ అందంలో తేడా అనేస్తే సరిపోదు. ఆ ఒక్క లైన్‌లో నాలుగైదు వేర్వేరు ప్రకటనలు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో రకం రుజువు కావాలి, రుజువును బట్టి ధర మారుతుంది.

పూటకూళ్ల ఇంటి నుంచి రాజు గోడ మీదికి

స్టిల్ లైఫ్ అంటే కదలని వస్తువుల చిత్రం. పండ్లు, కూరగాయలు, గిన్నెలు, పూలు, వేటాడి తెచ్చిన పిట్టలు. కథ ఉండదు, దేవుడు కనిపించడు, రాజు ఉండడు. స్పెయిన్‌లో ఈ రకాన్ని బొదెగోన్ అంటారు. మొదట్లో ఆ మాటకు చౌక పూటకూళ్ల ఇల్లు అని అర్థం. అందుకే 17వ శతాబ్దంలో మనుషులున్న వంటింటి దృశ్యాలను కూడా బొదెగోన్ అనే పిలిచేవారు. వెలాస్కెస్ 1618లో, ఇరవై ఏళ్లైనా నిండకముందు వేసిన, గుడ్లు వండుతున్న ముసలమ్మ చిత్రం (ఇప్పుడు ఎడిన్‌బరోలో ఉంది) అలాంటిదే. ఇప్పుడు మాత్రం బొదెగోన్ అంటే మామూలుగా మనుషులు లేని వస్తువుల బొమ్మే.

ఈ రకానికి స్పెయిన్‌లో మొదట్లోనే పెద్దదిక్కు అయినవాడు హువాన్ సాంచెస్ కొతాన్. 1560లో టొలేడో దగ్గర ఒర్గాస్‌లో పుట్టాడు. ఆయన చిత్రాల్లో ఒక రాతి కిటికీ ఉంటుంది, వెనక చిమ్మచీకటి. క్విన్స్ (ఆపిల్ లాంటి పండు), క్యాబేజీ దారాలకు వేలాడుతుంటాయి. కింద గట్టు మీద కోసిన పుచ్చకాయ, దోసకాయ. కాయగూరల్ని అలా వేలాడదీయడం ఆ కాలపు ఇళ్లలో మామూలే, త్వరగా పాడవకుండా. కానీ ఆయన వాటిని ఒక వంపు గీతలో, లెక్క వేసి పేర్చినట్టు వేశాడు. 1602 ప్రాంతానికి చెందిన ఆ చిత్రం ఇప్పుడు అమెరికాలోని శాన్ డియేగో మ్యూజియంలో ఉంది. 1603లో ఆయన ఆస్తుల జాబితా రాయించి, కార్తూసియన్ సన్యాసుల్లో చేరిపోయాడు. ఆ జాబితాలో తన బొదెగోన్‌లు కూడా ఉన్నాయి. ఏ చిత్రం ఆయనది అని తేల్చేవాళ్లకు నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ కాగితమే ఆధారం.

ఆ రోజుల్లో పండితుల దృష్టిలో ఈ చిత్రాలకు పెద్ద గౌరవం లేదు. మత కథలు, చరిత్ర ఘట్టాలు పై మెట్టు. కూరగాయలు అడుగు మెట్టు. మాడ్రిడ్ చిత్రకారుడు కార్దూచో 1633లో అచ్చయిన తన గ్రంథంలో ఇలాంటివి కళ స్థాయిని దిగజారుస్తాయని విసుక్కున్నాడు. సెవిల్‌లో ఉన్న పచేకో మాత్రం, తన అల్లుడిలా వేయగలిగితే వీటికీ గౌరవం దక్కాల్సిందేనని రాశాడు. ఆ అల్లుడు వెలాస్కెస్. మామగారి మాటలో పక్షపాతం లేదని చెప్పలేం గానీ, ఈ విషయంలో చరిత్ర ఆయన పక్షమే వహించింది.

అయినా ఆదరణ వేరు, సంపాదన వేరు. 18వ శతాబ్దంలో లూయిస్ మెలెందెస్ కాబోయే రాజు నాలుగో కార్లోస్ కోసం నలభైకి పైగా బొదెగోన్‌లు వేశాడు. రొట్టె పైపెచ్చు, రాగి గిన్నె మీద సొట్ట, పండు మీద మచ్చ వేయడంలో ఆయన్ని మించినవాళ్లు అరుదు. 1780లో చనిపోయే నాటికి తాను నిరుపేదనని ప్రకటించుకోవాల్సిన స్థితి ఆయనది. ఆ చిత్రాల్లో ఎక్కువ భాగం ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉన్నాయి.

దబ్బకాయలు, నారింజలు, గులాబీ: ఒకే బొమ్మకు రెండు చదువులు

కార్దూచో విసుక్కున్న ఆ 1633లోనే ఫ్రాన్సిస్కో దె సుర్బరాన్ ఒక చిత్రానికి సంతకం చేసి, ఏడాది వేశాడు. సుర్బరాన్ సంతకం, తేదీ రెండూ ఉన్న స్టిల్ లైఫ్ ఇదొక్కటే. ఇప్పుడు కాలిఫోర్నియాలోని పాసడీనాలో, నార్టన్ సైమన్ మ్యూజియంలో ఉంది. ఎడమ పక్క లోహపు పళ్లెంలో పసుప్పచ్చని కాయలు. ఇంగ్లిష్ పేరులో నిమ్మకాయలు అని ఉంటుంది గానీ, స్పానిష్ వాళ్లు వీటిని సిద్రాలు అంటారు. మన దబ్బకాయ జాతివి. మధ్యలో బుట్ట నిండా నారింజలు, వాటి మీద పూతతో ఉన్న కొమ్మ. కుడి పక్క పళ్లెంలో నీళ్ల కప్పు, అంచున గులాబీ. మూడూ ఒకే వరసలో, ఒకదాన్ని ఒకటి తాకకుండా.

దీన్ని చాలామంది కళా చరిత్రకారులు మేరీమాతకు అర్పణగా చదివారు. నీళ్లు, నారింజ పూత పవిత్రతకు, ముళ్లు లేని గులాబీ ఆమెకు, మూడు గుంపులు త్రిత్వానికి గుర్తులని వాళ్ల వాదన. దీనికి బలం ఉంది: సుర్బరాన్ వృత్తి జీవితంలో ఎక్కువ భాగం మఠాలకు చిత్రాలు వేయడంలోనే గడిచింది, పళ్లెంలో కప్పు, గులాబీ ఆయన మత చిత్రాల్లోనూ కనిపిస్తాయి. ఎదుటి పక్షం కూడా అదే సాక్ష్యాన్ని తిప్పి చూపుతుంది. సెవిల్‌లో మనుషులు తాగే నీళ్లు, తినే కాయలు ఇవే, స్టూడియోలో ఉన్న వస్తువుల్ని చిత్రకారుడు రెండుచోట్లా వాడుకున్నాడు, అంతే కదా అంటారు. పైగా ఈ అర్థం ఉద్దేశించానని చెప్పే కాగితం ఏదీ లేదు.

ఈ వాదనలోకి ఎక్స్‌రే ఒకటి వచ్చింది. పైరంగు కింద చూస్తే, మొదట ఇంకో పళ్లెం వేసి, అందులో చక్కెర పాకం పట్టిన చిలగడదుంపలు పెట్టి, తర్వాత వాటిని కప్పేసినట్టు కనబడింది. గుర్తుల లెక్క సరిపోలేదని తీసేశాడా, లేక నాలుగు గుంపులైతే ఇరుకుగా ఉందని తీసేశాడా? రెండు పక్షాలూ దీన్ని తమకు అనుకూలంగానే వాడుకోవచ్చు. నాకైతే కూర్పు కోసం తీసేశాడన్నదే నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. ఎంత భక్తుడైనా బొమ్మ కుదరకపోతే చిత్రకారుడికి నిద్రపట్టదు.

అర్థం సంగతి తేలకపోయినా ఆ కప్పేసిన పళ్లెం ఇంకో పనికి వస్తుంది. చిత్రకారుడు వేస్తూ వేస్తూ మనసు మార్చుకున్న జాడను పెంటిమెంటో అంటారు. నకలు వేసేవాడి ముందు పూర్తయిన బొమ్మ ఉంటుంది. వాడికి మనసు మార్చుకునే అవసరం తక్కువ. కాబట్టి కింద మార్పులు కనబడితే అది మూల చిత్రం అయ్యే అవకాశం పెరుగుతుంది.

‘ఆయిల్’ అన్న మాటకు రుజువు

తైలవర్ణం అంటే రంగు పొడిని ఎండే గుణమున్న నూనెలో నూరి వేసేది. ఎక్కువగా అవిసె నూనె, లేత రంగులకు అక్రోటు నూనె. ఇది నీటిరంగులా ఆవిరై ఆరదు. నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. తాకితే అంటుకోని స్థితికి రోజులు, వారాలు చాలు. లోపల గట్టిపడడం ఏళ్ల తరబడి సాగుతుంది. కాన్వాస్ కదులుతుంటుంది, రంగు కదలదు. అందుకే పాత చిత్రాల మీద ఎండిన చెరువు మట్టిలా సన్నటి పగుళ్లు కనబడతాయి.

మొదట్లో చెప్పిన పికాసో గిటార్ ఆయిల్ కాదు, గ్వాష్, పెన్సిల్. గ్వాష్ అంటే జిగురు, నీళ్లతో కలిపే మందపాటి రంగు. వార్తల్లో అన్నిటినీ ‘పెయింటింగ్’ అనేస్తారు కాబట్టి ఈ తేడా కలిసిపోతుంది. సాధారణంగా ఒకే చిత్రకారుడి పనుల్లో కాన్వాస్ మీద ఆయిల్‌కు ఎక్కువ ధర, కాగితం మీది వాటికి తక్కువ, అచ్చు వేసిన ప్రింట్లకు ఇంకా తక్కువ.

ఆయిల్‌లా కనబడే ప్రింట్లు కొత్తేమీ కాదు. తెలుగు ఇళ్ల గోడల మీద తరతరాలుగా ఉన్న రవివర్మ దేవతల పటాల్లో ఎక్కువ భాగం ఓలియోగ్రాఫులే, ఆయిల్ పెయింటింగ్ మెరుపు వచ్చేలా రాతి అచ్చుతో తీసినవి. యూరప్‌లోనూ అదే పద్ధతిలో పండ్ల బొమ్మలు లక్షల్లో అచ్చయ్యాయి. ఇప్పుడు కాన్వాస్ మీదే డిజిటల్ ప్రింట్ తీసి, పైన కుంచె గీతలు కనబడేలా పారదర్శకమైన జెల్ పూస్తున్నారు. భూతద్దంలో అచ్చు చుక్కలు బయటపడతాయి. లేదా జెల్ గీత ఒక దిక్కుకు, రంగు ఇంకో దిక్కుకు పోతుంటాయి.

నిజంగా ఆయిలే అని తేలాక వయసు ప్రశ్న వస్తుంది. రంగు పొడులకు పుట్టిన తేదీలు ఉన్నాయి. ప్రష్యన్ నీలం 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టింది. టైటేనియం తెలుపు చిత్రకారుల చేతికి వచ్చింది 1920ల ప్రాంతంలో. అంతకుముందు యూరప్ ఆయిల్ చిత్రాల్లో ప్రధానంగా సీసపు తెలుపే. జర్మన్ నకిలీల మొనగాడు వోల్ఫ్‌గాంగ్ బెల్ట్రాక్కీ దొరికిపోయింది ఇక్కడే: 1914 నాటిదని అమ్మిన చిత్రంలో టైటేనియం తెలుపు బయటపడింది.

ఒక లెక్క వేసి చూద్దాం. ‘17వ శతాబ్దం’ అని రాసిన బొదెగోన్‌లో టైటేనియం తెలుపు దొరికిందనుకోండి. నకిలీ అని వెంటనే తీర్మానించలేం. ఆ తెలుపు ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న. పగుళ్ల మీదుగా, వార్నిష్ పైన, చిరిగిన మూల దగ్గర ఉంటే అది ఎవరో చేసిన మరమ్మతు. పింగాణీ గిన్నె మీది వెలుగంతా అదే అయి, దాని పైన చిత్రంలోని మిగతా రంగు పొరలు ఉంటే మాత్రం చిత్రం మొత్తం 20వ శతాబ్దంలో వేసినదే. ల్యాబ్ రిపోర్టు చాలాసార్లు ‘ఇది కాదు’ అని చెప్పగలదు. ‘ఇది ఫలానావాడిదే’ అని చెప్పడం దానివల్ల అయ్యే పని కాదు.

ఎవరు స్పానిష్?

రిబేరా స్పెయిన్‌లోని హాతివాలో పుట్టి, జీవితమంతా ఇటలీలో, ముఖ్యంగా నేపుల్స్‌లో పనిచేశాడు. మెలెందెస్ నేపుల్స్‌లో పుట్టి మాడ్రిడ్‌లో పనిచేశాడు. మిఠాయి పెట్టెలు, గాజు గ్లాసులు వేయడంలో పేరుపడ్డ హువాన్ వాన్ దెర్ హామెన్‌ది మాడ్రిడ్డే, కుటుంబానిది ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు) మూలం. పికాసో మాలగాలో పుట్టి, ప్రధాన చిత్రాల్లో ఎక్కువ భాగం ఫ్రాన్స్‌లో వేశాడు. వీళ్లందరినీ స్పానిష్ చిత్రకారులనే అంటారు.

‘స్పానిష్ స్కూల్’ అన్న మాట మాత్రం వేరు. ఎవరు వేశారో తెలియనప్పుడు, శైలినీ సామగ్రినీ చూసి స్పెయిన్‌లో తయారై ఉంటుందని వేసే అంచనా అది. సెవిల్ చిత్రకారులు కాన్వాస్‌కు కింది పూతగా అక్కడి బంకమట్టిని వాడేవారని పచేకో రాశాడు. రంగు కింద ఆ గోధుమ పూత దొరికితే అంచనాకు బలం వస్తుంది. నేపుల్స్ కూడా అప్పట్లో స్పానిష్ రాజుల పాలనలోనే ఉండేది కాబట్టి, ఆ రెండుచోట్ల వేసిన నల్ల నేపథ్యపు పండ్ల బొమ్మలు ఒకదానికొకటి పొరపడడం మామూలు.

పేరుకు ముందు వచ్చే చిన్న మాట

ధర ఎక్కువగా తేలేది ఇక్కడే. వేలం కేటలాగ్‌లో వాన్ దెర్ హామెన్ పేరు, పుట్టిన–చనిపోయిన సంవత్సరాలతో విడిగా ఉంటే, చిత్రం ఆయనదేనని వేలం సంస్థ అభిప్రాయపడుతోందని అర్థం. పేరు ముందు ‘ఆట్రిబ్యూటెడ్ టు’ అని చేరిస్తే, ఆయనదే కావచ్చు కానీ ఖాయంగా చెప్పలేం. ‘స్టూడియో’ లేదా ‘వర్క్‌షాప్’ అంటే ఆయన దగ్గర, ఆయన పర్యవేక్షణలో శిష్యులు వేసి ఉండొచ్చు. ‘సర్కిల్’ అంటే ఆ కాలంలోనే, ఆయన ప్రభావంలో ఉన్న ఎవరో. ‘ఫాలోయర్’ అంటే ఆ శైలిలో వేసినవాడు, శిష్యుడు అవ్వాలని లేదు. ‘మ్యానర్’ అంటే తర్వాతి కాలంలో ఎవరో. ‘ఆఫ్టర్’ అంటే తెలిసిన చిత్రానికి నకలు. అన్ని వాక్యాల్లోనూ పెద్ద అక్షరాల్లో కనబడేది ఆ ఒక్క పేరే కాబట్టి, తొందరలో చదివేవాడికి అన్నీ వాన్ దెర్ హామెన్‌లే.

సంతకంలోనూ ఇదే తిరకాసు. ‘సైన్డ్’ అంటే సంతకం చిత్రకారుడిదేనని సంస్థ నమ్ముతోంది. ‘బేర్స్ సిగ్నేచర్’ అంటే బొమ్మ మీద సంతకమైతే ఉంది, కానీ అది చిత్రకారుడిది కాదు, వేరే ఎవరో పెట్టిందని మా అభిప్రాయం అని. స్పానిష్ వేలాల్లో తరచూ కనబడే ఇంకో మాట ‘సంతకం చదవడానికి వీల్లేదు’. ఇంట్లో గోడకు పెట్టుకునే 20వ శతాబ్దపు బొదెగోన్‌లకు ఎక్కువగా ఈ లేబులే వస్తుంది. ఇక 20వ శతాబ్దపు స్పానిష్ చిత్రకారుడు డాలీ అయితే జీవితపు చివరి దశాబ్దాల్లో ఖాళీ కాగితాల మీద గుట్టలుగా సంతకాలు చేసి ఇచ్చాడు. తర్వాత వాటి మీద ఏం అచ్చయిందో ఆ సంతకం చెప్పలేదు. అందుకే ఆయన ప్రింట్ల మార్కెట్ ఇప్పటికీ గందరగోళమే.

పేర్లు కాలంతో పాటు మారతాయి కూడా. సుర్బరాన్ కొడుకు హువాన్ 1620లో పుట్టాడు, 1649లో సెవిల్‌ను ఊడ్చేసిన ప్లేగు కాలంలో చనిపోయాడు. ముప్పై ఏళ్లు కూడా లేవు. ఆయన సంతకం, తేదీ ఉన్న చిత్రాలు కొన్ని గుర్తించాక (బోర్డోలో ద్రాక్షపండ్ల పళ్లెం 1639ది, కీవ్‌లో చాక్లెట్ సామగ్రి ఉన్నది 1640ది), వాటితో పోల్చి చూసి అంతకుముందు తండ్రి పేరు మీదో, మరెవరి పేరు మీదో ఉన్న బొమ్మల్ని కొడుక్కి మార్చారు. లండన్ నేషనల్ గ్యాలరీ కొడుకు వేసిన నిమ్మకాయల బుట్టను 2017లో సేకరించింది. తండ్రిది కాదని తేలడం ఒకప్పుడు నష్టం. ఇప్పుడు కొడుకు చిత్రాలు అరుదు కాబట్టి నష్టమని చెప్పలేం.

నకలు అన్న మాట కూడా ఎప్పుడూ తిట్టు కాదు. తండ్రి సుర్బరాన్ నాలుగు కూజాల చిత్రం దాదాపు ఒకేలా రెండు ఉన్నాయి, ఒకటి ప్రాదోలో, ఇంకొకటి బార్సిలోనాలో. రెండూ ఫ్రాన్సెస్క్ కంబో సేకరణ నుంచి వచ్చినవే, రెండూ ఆయన చేతివేనని పండితుల మాట.

ఆధునికుల విషయంలో పని కొంత తేలిక, ఎందుకంటే జాబితాలు ఉన్నాయి. పికాసో పనుల్ని సంపుటాలుగా నమోదు చేయడం క్రిస్టియన్ జెర్వోస్ 1932లో మొదలుపెట్టాడు, మొత్తం 33 సంపుటాలు వచ్చాయి. ఒక బొమ్మకు జెర్వోస్ నంబర్ ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. నంబర్ లేకపోతే నకిలీ అనడానికి లేదు, ఆయనకు కనబడనివీ ఉన్నాయి. కానీ రుజువు భారం అమ్మేవాడి మీద పడుతుంది.

1,500 యూరోల సర్కిల్

ఆ చిన్న మాట ఎంత మార్చగలదో చూపించిన ఉదంతం 2021 ఏప్రిల్‌లో మాడ్రిడ్‌లో జరిగింది. అది స్టిల్ లైఫ్ కాదు, ముళ్ల కిరీటం పెట్టిన క్రీస్తు చిత్రం. కేటలాగ్‌లో ‘రిబేరా సర్కిల్’ అని రాసి, ప్రారంభ ధర 1,500 యూరోలు పెట్టారు. ఫొటో చూసిన పండితులు, వ్యాపారులు కొందరికి అందులో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో కనిపించాడు. గుసగుసలు ప్రాదో దాకా వెళ్లాయి, వేలం మొదలయ్యే ముందే చిత్రాన్ని వెనక్కి తీసుకున్నారు, స్పెయిన్ ప్రభుత్వం దేశం దాటించొద్దని ఆపేసింది.

తర్వాత శుభ్రం చేయించి, పరీక్షలు చేయించారు. దాంతోపాటు కాగితాలు వెతికారు. చిత్రం ఉన్న కుటుంబపు పూర్వీకుడు 1823లో మాడ్రిడ్ శాన్ ఫెర్నాందో అకాడమీతో చిత్రాలు మార్చుకున్న రికార్డు బయటపడింది. ఇలా ఒక చిత్రం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో చెప్పే గొలుసును ప్రొవెనెన్స్ అంటారు. చివరికి అది కరవాజ్జోదేనని ప్రముఖ నిపుణులు తేల్చారు. 2024 మేలో ప్రాదో దాన్ని ప్రదర్శనకు పెట్టింది. కొత్త యజమాని సుమారు 3.6 కోట్ల యూరోలు ఇచ్చాడని పత్రికలు రాశాయి. ఆ లెక్కన 1,500కి 24 వేల రెట్లు. కాన్వాస్ మీద ఉన్న రంగు మాత్రం అదే.

ఈ ఉదంతాన్ని రెండు రకాలుగా చెప్పుకుంటారు. కంటి చూపే గెలిచిందని అనుభవజ్ఞుల వర్గం అంటుంది: ల్యాబ్ కన్నా ముందు గుర్తుపట్టింది చూసిన కళ్లే కదా. మరి అదే వృత్తిలో ఉన్న ఇంకొకరి కళ్లే కదా 1,500 అని రాశాయి అని రెండో వర్గం అడుగుతుంది. ఇద్దరి మాటా నిజమే. అసలు తీర్పు నిలబడింది చూపు, పరీక్షలు, కాగితాలు మూడూ ఒకే దిక్కు చూపించినందువల్ల.

ఫ్రేమ్: అలంకారమా, సాక్ష్యమా

ఫ్రేమ్ వేరు, కాన్వాస్‌ను వెనక నుంచి బిగించే చెక్క చట్రం వేరు. చట్రాన్ని స్ట్రెచర్ అంటారు, మూలల్లో చిన్న చెక్క మేకులు ఉంటాయి, కాన్వాస్ వదులైతే వాటిని కొట్టి బిగిస్తారు. ఫ్రేమ్‌ను యజమాని మారినప్పుడల్లా మార్చేవారు. అందుకే 17వ శతాబ్దపు చిత్రానికి 19వ శతాబ్దపు బంగారు పూత ఫ్రేమ్ ఉండడం మామూలు, దాన్నిబట్టి చిత్రం వయసు చెప్పకూడదు. తిరగేసి కూడా జరుగుతుంది: పాత స్పానిష్ ఫ్రేమ్‌లకు విడిగానే మంచి మార్కెట్ ఉంది, సాదా బొమ్మను పాత ఫ్రేమ్‌లో పెడితే బొమ్మకూ లేని వయసు వచ్చినట్టుంటుంది.

ఎక్కువ సమాచారం వెనక వైపు ఉంటుంది. పాత గ్యాలరీ చీటీలు, కస్టమ్స్ ముద్రలు, ప్రదర్శన నంబర్లు. అయితే పాత కాన్వాస్ బలహీనపడితే స్పెయిన్‌లో పిండి జిగురుతో దాని వెనక ఇంకో గుడ్డ అంటించేవారు. అలా చేస్తే వెనకున్న రాతలు కనబడకుండా పోతాయి. కొన్ని సేకరణల్లో నంబర్లు ముందు వైపే వేశారు: 17వ శతాబ్దపు పెద్ద సేకర్త లెగనేస్ మార్క్విస్ చిత్రాల మీద మూలన పెద్ద అంకెలు కనబడతాయి. తెలియనివాళ్లకు బొమ్మ పాడుచేసినట్టనిపిస్తుంది, తెలిసినవాళ్లకు అదే బంగారం.

ఫ్రేమే చిత్రంలో భాగమైన సందర్భం కూడా ఉంది. పికాసో 1912లో ఒక కోడిగుడ్డు ఆకారపు స్టిల్ లైఫ్ చేశాడు. కుర్చీ అల్లిక బొమ్మ అచ్చయిన ఆయిల్‌క్లాత్ ముక్కను కాన్వాస్ మీద అంటించి, చుట్టూ రంగు వేసి, అంచుకు తాడు చుట్టాడు. ఆ తాడే ఫ్రేమ్. ప్యారిస్ పికాసో మ్యూజియంలో ఉన్న ఆ పనిలో ఫ్రేమ్ మార్చడమంటే చిత్రాన్ని మార్చడమే.

ధర, విలువ, 100 యూరోల టికెట్

2020 మేలో ప్యారిస్‌లో పికాసో 1921 నాటి చిన్న ఆయిల్ స్టిల్ లైఫ్‌ను లాటరీలో పెట్టారు. బల్ల మీద న్యూస్‌పేపర్, ఆబ్సింత్ అనే మద్యం గ్లాసు. టికెట్ 100 యూరోలు, అమ్ముడైనవి 51,140. వచ్చిన సొమ్ము 51.14 లక్షల యూరోలు. అందులో చిత్రం యజమానికి 9 లక్షలు, మిగతాది ఖర్చులు పోను ఆఫ్రికా దేశాల్లో తాగునీటి పనుల కోసం కేర్ సంస్థకు. చిత్రం విలువ 10 లక్షల యూరోలని అప్పట్లో చెప్పారు. దాన్ని టికెట్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కో టికెట్ గణిత విలువ సుమారు 19.5 యూరోలు. మిగతా 80 యూరోలు విరాళం అన్నమాట. లాటరీగా చూస్తే నష్టపు బేరం, విరాళంగా చూస్తే కాదు.

ఒకే చిత్రానికి బీమా విలువ, వేలం అంచనా, వేలంలో పలికిన ధర, కొన్నవాడు కట్టింది అని నాలుగు అంకెలు ఉండొచ్చు. వేలంలో 1,000 యూరోలు పలికిందనుకుందాం. కొనుగోలుదారు కమీషన్ 25 శాతం అయితే 1,250. పైన పన్ను, ప్యాకింగ్, రవాణా. అమ్మినవాడి వాటా నుంచి మళ్లీ కమీషన్ కోత. పత్రికల్లో ఏ అంకె వేశారో చూడకపోతే ఒకే చిత్రం రెండు ధరలు పలికినట్టు కనబడుతుంది.

దేశం దాటించడం

స్పెయిన్ 1985 వారసత్వ చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాన్ని బయటికి తీసుకెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. దరఖాస్తులో యజమాని విలువ ప్రకటించాలి. కిటుకు ఇక్కడే ఉంది: ఆ ప్రకటించిన విలువ ప్రభుత్వానికి ఇచ్చిన అమ్మకపు ప్రతిపాదనగా లెక్క, వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. 5 లక్షల యూరోల బొదెగోన్‌కు 5 వేలని రాస్తే, ప్రభుత్వం 5 వేలకే కొనేయొచ్చు. ఎక్కువ రాస్తే ఫీజు ఎక్కువ, అధికారుల దృష్టీ ఎక్కువ. దేశానికి దక్కాల్సినవి దక్కుతాయని సమర్థించేవాళ్లు ఉన్నారు. దీనివల్ల స్పెయిన్ లోపల ధర ఒకటి, లండన్, న్యూయార్క్‌లలో ధర ఇంకొకటి అవుతోందని, యజమానులు మంచి చిత్రాల్ని బయటపెట్టడం మానేస్తున్నారని వ్యాపారుల ఫిర్యాదు.

భారత్‌లో 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా వందేళ్లు నిండిన చిత్రాన్ని పురావస్తువుగానే చూస్తుంది; దాన్ని విదేశాలకు పంపే అధికారం ప్రైవేటు వ్యక్తులకు లేదు. కాబట్టి విదేశాల్లో ఉన్న బంధువు మాడ్రిడ్‌లో పాత బొదెగోన్ ఒకటి కొని హైదరాబాద్ పంపాలనుకుంటే, అక్కడ బయటికి రావడానికి అనుమతి ఉండాలి, ఇక్కడికి చేరాక మళ్లీ అమ్మకానికి లండన్ పంపడం దాదాపు కుదరదు. 1950ల్లో ఎవరో వేసిన, సంతకం చదవడానికి వీల్లేని పండ్ల బుట్టకు వయసు పరంగా ఈ బెడద ఏదీ లేదు.